హంగరీ పల్లె మ్యూజియంలు ఎలా చూడాలి: ముందు ఇల్లు, తర్వాత వస్తువు, ఆఖర్న ఊరు

"బుడాపెస్ట్‌లో నాలుగు రోజులుంటాం. పార్లమెంటు, కోట, వేడినీళ్ళ స్నానాలు సరే. అక్కడి పల్లెల బతుకు, కట్టుబట్ట, చేతిపని చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?" యూరప్ యాత్రకు వెళ్ళేవాళ్ళూ, అక్కడ చదువుకునే పిల్లల్ని చూడబోయే తల్లిదండ్రులూ పదే పదే అడిగే ప్రశ్న ఇది. నాలుగు పేర్లు చెప్పడం సులువే. కానీ పేర్లు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో చాలామంది "బోలెడు కుండలు, బోలెడు లంగాలు చూశాం, అన్నీ ఒకేలా ఉన్నాయి" అంటూ తిరిగొస్తారు. మ్యూజియంలో లోపమేమీ లేదు, చూసిన వరసే తిరగబడింది.

వరస ఇలా ఉండాలి. మొదట ఆరుబయలు మ్యూజియంలో ఇల్లు చూడాలి. ఆ తర్వాత నగరంలోని మ్యూజియంలో ఆ ఇంటి వస్తువుల్ని చూడాలి. చివర అదే ప్రాంతంలోని ఒక ఊరికి వెళ్ళాలి. పెట్టె ఇంట్లో ఏ మూల ఉండేదో తెలియకుండా అద్దం వెనకాల పెట్టెను చూస్తే అది వట్టి చెక్కపెట్టె.

కావలసినవి

- మూడు రోజులు. రెండే ఉంటే ఊరి ప్రయాణం మానేయండి, మొదటి రెండూ మానొద్దు.
- ఫోరింట్‌లలో కొంత చిల్లర డబ్బు. హంగరీలో యూరో చెల్లదు. నగరంలో కార్డు సరిపోతుంది కానీ పల్లెలోని చిన్న మ్యూజియంలో నగదే అడగొచ్చు.
- గట్టి అడుగున్న బూట్లు. చెప్పులతో రాళ్ళబాటల మీద అయిదు గంటలు నడవలేరు.
- ఫోన్‌లో కెమెరాతో చదివి అనువదించే యాప్, అందులో హంగేరియన్ భాషను ముందే దింపుకుని ఉంచండి. పల్లెల్లో సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.
- చిన్న టార్చి. పాత ఇళ్ళు లోపల చీకటిగా ఉంటాయి. వస్తువుల మీద వేయడానికి కాదు, గడపలు తట్టుకోకుండా.
- పాస్‌పోర్టు నకలు, స్టూడెంట్ అయితే అక్కడి విద్యార్థి కార్డు.

రాయితీల గురించి ఒక మాట. 26 ఏళ్ళలోపు వాళ్ళకూ, 70 దాటినవాళ్ళకూ ఇచ్చే తగ్గింపులు చాలా చోట్ల యూరోపియన్ ఆర్థిక మండలం దేశాల పౌరులకు మాత్రమే. ఇండియన్ పాస్‌పోర్టు చూపించి వయసు మీద వాదించడం దండగ. స్థానిక విద్యార్థి కార్డు ఉంటే మాత్రం తప్పకుండా అడగండి.

1. ఒకే ఒక ప్రాంతాన్ని ఎంచుకోండి

హంగరీ చిన్న దేశమే కానీ ఊరూరికీ కుట్టు మారుతుంది, కప్పు మారుతుంది, మతం మారుతుంది. అన్నీ చూడాలనుకుంటే ఏదీ గుర్తుండదు. కింది వాటిలో ఒకటి పట్టుకోండి, మూడు రోజులూ దాన్నే వెతకండి.

రంగురంగుల కుట్టుపని ఇష్టమైతే మెజోకొవెష్ద్. మత్యో అనే జనం ఉండే ఊరు. ఆ కుట్టును 2012లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

గోడల మీద పూలు, మిరపకాయ దండలు చూడాలంటే కలొచా. గుంటూరు వాళ్ళకు ఇది ఎక్కడో చూసిన ఊరిలాగే ఉంటుంది.

మొత్తం పల్లె అలాగే మిగిలిన చోటు కావాలంటే హొల్లోకో. పలోత్స్ జనం ఊరు, 1987 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం.

గొర్రెల కాపరులు, పశువులు, ఎడతెగని మైదానం కావాలంటే హోర్తొబాద్య్. 1827 నుంచి 1833 మధ్య కట్టిన తొమ్మిది కమానుల వంతెన పక్కనే పశుపాలకుల మ్యూజియం ఉంది.

నీలిమందు అద్దకం చూడాలంటే పాపా అనే పట్టణం. చేనేత, అద్దకం తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మిగతావన్నీ పక్కన పెట్టి ఇక్కడికే వెళ్ళండి. ఎందుకో 7వ దశలో ఉంది.

ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళకు ఇంకో దారి ఉంది: మొహాచ్. అక్కడ లెంట్ (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) ముందు ఆరు రోజులు గొర్రెతోళ్ళు కప్పుకుని, విల్లో చెక్కతో చెక్కిన కొమ్ముల ముసుగులు వేసుకుని ఊరంతా తిరుగుతారు. బుషోలంటారు వాళ్ళని. ఈ వేడుక 2009లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ రోజుల్లో ఊళ్ళో గది దొరకదు, నెలల ముందే చూసుకోవాలి.

2. రోజు, వేళ సరిచూసుకోండి

అందరూ చేసే మొదటి తప్పు సోమవారం వెళ్ళడం. మ్యూజియంలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి. రెండో తప్పు, ఆరింటికి మూస్తారని చూసి అయిదున్నరకు చేరడం. టికెట్ కౌంటరు మూసే సమయం వేరు, అది అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. మూడోది శీతాకాలం: ఆరుబయలు మ్యూజియంలు స్థూలంగా వసంతం నుంచి నవంబరు మొదలు దాకానే సోమవారం తప్ప రోజూ నడుస్తాయి, చలికాలంలో ఏవైనా ప్రత్యేక కార్యక్రమాలప్పుడే తలుపు తీస్తారు. నవంబరు 1, క్రిస్మస్ రోజుల్లో అసలు ప్రయత్నించొద్దు.

మార్చి 15, ఆగస్టు 20, అక్టోబరు 23 జాతీయ పండుగలు. ఆ రోజుల్లో ప్రభుత్వ మ్యూజియంలలో శాశ్వత ప్రదర్శనలకు ఉచిత ప్రవేశం ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఆ వారం మ్యూజియం వెబ్‌సైటులో ధ్రువపరచుకుని వెళ్ళండి. డబ్బు మిగులుతుంది, ప్రశాంతత మిగలదు. జూన్‌లో జరిగే మ్యూజియంల రాత్రి కూడా అంతే. ఒకే పట్టీ చేతికి కట్టుకుని అర్ధరాత్రి దాటేదాకా ఎన్ని మ్యూజియంలైనా తిరగొచ్చు, కానీ క్యూలలోనే సగం రాత్రి పోతుంది. ఆ రాత్రికి రెండు చోట్లు చాలు.

3. బోర్డులు చదవడానికి పది నిమిషాలు కేటాయించండి

హంగేరియన్ వాళ్ళు ఇంగ్లిష్ అక్షరాలే వాడతారు, పలకడం మాత్రం వేరు. ఎస్ ఒక్కటే ఉంటే "ష". ఎస్, జెడ్ కలిస్తే "స". సి, ఎస్ కలిస్తే "చ". సి ఒక్కటే ఉంటే "త్స". జె అంటే "య". జి, వై కలిస్తే "ద్య"కు దగ్గర. ఎల్, వై కలిస్తే "య". అందుకే ఆరుబయలు మ్యూజియాన్ని మనం చదివినట్టు స్కాంజెన్ అంటే బస్సు డ్రైవరు ఒక్క క్షణం ఆగుతాడు, "ష్కాన్‌జెన్" అనండి.

ఈ మాటలు చెవికి పట్టించుకోండి: న్యిత్వ (తెరిచి ఉంది), జార్వ (మూసి ఉంది), పేన్స్‌తార్ (టికెట్ కౌంటరు), రుహతార్ (కోట్లు, సంచులు దాచే చోటు), ఆల్లందో (శాశ్వత ప్రదర్శన), ఇదోసకి (కొన్నాళ్ళే ఉండే ప్రదర్శన). ఆఖరి రెండూ ముఖ్యం, ఎందుకంటే టికెట్లు విడివిడిగా అమ్ముతారు. కొన్నాళ్ళ ప్రదర్శన టికెట్ కొని శాశ్వత ప్రదర్శన గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్ళు ఉంటారు.

పేర్ల విషయంలో మనకు తేలిక. వాళ్ళూ ఇంటిపేరే ముందు రాస్తారు. సంగీతకారుడు బార్తోక్ బేలా అంటే ఇంటిపేరు బార్తోక్.

4. మొదటి రోజు: సెంటెండ్రె ఆరుబయలు మ్యూజియం

బుడాపెస్ట్ బత్త్యాని తేర్ నుంచి హెచ్5 అనే సబర్బన్ రైలెక్కండి. ఆఖరి స్టేషన్ సెంటెండ్రె, దాదాపు 40 నిమిషాలు. ఇక్కడే చాలామంది జరిమానా కడతారు: నగర పాసు నగర హద్దుదాకానే చెల్లుతుంది, అంటే బేకాష్‌మెద్యెర్ స్టేషన్ దాకా. అక్కణ్ణుంచి సెంటెండ్రెకు అదనపు టికెట్ కావాలి. రైలెక్కక ముందే కొనుక్కోండి. స్టేషన్ బయటి నుంచి మ్యూజియంకు 230 నంబరు బస్సు వెళ్తుంది. బస్సుల మధ్య ఎడం ఎక్కువ, తిరుగు బస్సు వేళ దిగగానే ఫోటో తీసి పెట్టుకోండి.

1967లో మొదలుపెట్టిన ఈ మ్యూజియం 60 హెక్టార్లకు పైగా ఉంటుంది. అంటే 150 ఎకరాలు. దేశం నలుమూలల నుంచి ఇళ్ళు, గాదెలు, మిల్లులు, చర్చిలు విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. ప్రాంతానికొక పేట ఉంటుంది. మొదట తెరిచింది ఎగువ తిసా నది పేట, 1974లో. ట్రాన్సిల్వేనియా పేట 2022లో వచ్చింది. లోపల తిరిగే చిన్న రైలు కూడా ఉంది, రెండు కిలోమీటర్ల పైచిలుకు దారి. ముసలివాళ్ళు వెంట ఉంటే ఆ రైలు వేళల్ని టికెట్ దగ్గరే అడిగి దాన్నిబట్టి రోజును అమర్చుకోండి.

అన్ని పేటలూ తిరగాలని పరుగులు తీయొద్దు. మీరు ఎంచుకున్న ప్రాంతానికి దగ్గరగా ఉన్న పేటకు రెండు గంటలు, దానికి పూర్తిగా భిన్నమైన మరో పేటకు గంటన్నర. మెజోకొవెష్ద్ లేదా హొల్లోకో వెళ్ళేవాళ్ళు ఉత్తర హంగరీ పేట చూడాలి. పోల్చి చూడటానికి ఎగువ తిసా పేట బాగుంటుంది. నెమెష్‌బొర్జొవ నుంచి తెచ్చిన చెక్క గంటస్తంభం అక్కడే ఉంది, మేకుల మీద కంటే కీళ్ళ మీద ఎక్కువ నిలబడే వడ్రంగం.

తిండి: పెద్ద పూరీలాంటి లాంగోష్, పొగగొట్టంలా చుట్టి కాల్చిన తీపిరొట్టె దొరుకుతాయి. శాకాహారులు ఒకటి గమనించాలి. మాంసం కనబడకపోయినా పందికొవ్వులో వేయించి ఉండొచ్చు. "జీర్" అంటే కొవ్వు, "ఒలయ్" అంటే నూనె. ఏది వాడారో ఈ రెండు మాటలతో అడిగేయొచ్చు.

5. ఒక ఇంటిని పూర్తిగా చదవండి

రోజంతటిలో అసలు పని ఇదే. పది ఇళ్ళు తొంగిచూడటం కంటే ఒక ఇంట్లో 30 నిమిషాలు నిలబడండి.

గుమ్మం బయటే ఆగి పలక చదవండి. అందులో ఇల్లు ఏ ఊరిది, ఎప్పుడు కట్టింది ఉంటాయి. లోపలి సామాను మాత్రం ఇల్లు కట్టిన ఏడాదిది కానక్కర్లేదు. 18వ శతాబ్దపు గోడల మధ్య 1900 నాటి కాపురాన్ని పెట్టి ఉండొచ్చు. మ్యూజియం వాళ్ళు ప్రతి ఇంటికీ ఒక కాలాన్ని ఎంచుకుని అప్పటి కుటుంబాన్ని చూపిస్తారు. కట్టిన ఏడాది, చూపిస్తున్న ఏడాది వేరుగా రాసుకోండి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే "300 ఏళ్ళ కిందటే వీళ్ళకు గాజు దీపాలుండేవట" లాంటి మాటలు పుడతాయి.

లోపలికి అడుగుపెడితే చాలా ఇళ్ళలో మొదట వచ్చేది వంటిల్లు. దానికి ఒకవైపు వీధి గది, మరోవైపు సామాను గది. అదే మూడంకణాల ఇల్లు. తల పైకెత్తండి. నల్లగా పొగచూరి, పైన నేరుగా ఆకాశం కనబడితే అది తెరిచిన పెద్ద పొగగొట్టం. పొయ్యి వంటింట్లో, రొట్టెలు కాల్చే మట్టి బట్టీ పక్క గదిలో ఉంటుంది కానీ నిప్పు వంటింటి వైపు నుంచే వేస్తారు. గది వెచ్చగా ఉంటుంది, పొగ మాత్రం రాదు. బట్టీ నోరు ఏ గదిలోకి తెరుచుకుందో చూడటం మొదటి పరీక్ష.

వీధి గదిలోకి వెళ్ళాక నడిమి దూలం వైపు చూడండి. మెష్టర్‌గెరెండ అంటారు. దాని మీద ఏడాది, కట్టించినవాడి పేరు చెక్కి ఉంటాయి. దూలానికీ కప్పుకూ మధ్య సందు ఇంటి బీరువా లాంటిది. క్షవరం కత్తి, పంచాంగం, కాగితాలు, పిల్లలకు అందకూడనివన్నీ అక్కడ దోపేవారు.

తర్వాత మూలలు. బట్టీకి ఎదురుమూల బల్ల, దాని వెనక గోడవెంట ఎల్ ఆకారంలో బెంచీలు ఉంటే అది పాత పద్ధతి. ఆ మూల ఇంటికి దేవుడి మూల. రెండు మంచాలు గోడకొకటిగా ఎదురెదురుగా, కిటికీల మధ్య అద్దం, దాని కింద అలమర ఉంటే తర్వాత వచ్చిన పట్నపు పద్ధతి. గోడకు సాధువుల పటాలు వరసగా వేలాడుతుంటే కేథలిక్ ఇల్లు. పటాలు లేకుండా పళ్ళేలు మాత్రమే ఉంటే కాల్వినిస్టు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) ఇల్లు కావచ్చు. బయట చర్చి శిఖరం మీద కూడా ఇదే తేడా: సిలువ ఉంటే కేథలిక్, నక్షత్రమో కోడిపుంజో ఉంటే ప్రొటెస్టెంట్.

కప్పుదాకా దిండ్లు పేర్చిన మంచం కనబడిందా? దాని మీద ఎవరూ పడుకోరు. అది కూతురి కట్నం, వీధిలోంచి కిటికీ గుండా కనబడాలి. ఆ గది పేరు తిస్తసొబ, అంటే శుభ్రమైన గది. పెళ్ళికీ చావుకీ తప్ప వాడరు. మరి మగవాళ్ళు ఎక్కడ పడుకునేవారు? చాలాచోట్ల పశువుల కొట్టంలో. కొట్టం చూడకుండా బయటికొస్తే ఆ ఇంటి మగవాళ్ళను చూడనట్టే.

పెరట్లో బావి ఉంటుంది. పంగల కొయ్య మీద ఊగే పొడవైన దూలం, ఒక చివర చేద, రెండో చివర బరువు. మన ఏతాంకు చుట్టమే. ఇక్కడ దూలం మీద మనిషి నడవడు, అంతే.

కూర్చునే మంచాలు, బెంచీలు ముట్టుకోవద్దు. కొన్ని ఇళ్ళలో ముట్టుకుని చూడమని వేరే వస్తువులు పెడతారు, వాటికి చేతి గుర్తుతో బోర్డు ఉంటుంది. కుర్చీలో కూర్చున్న ముసలామె బొమ్మ కాదు, కాపలా మనిషి. "యో నపొత్" అని పలకరించండి. ఆ ఒక్క పలకరింపుతో ఆమే లేచి బట్టీ తలుపు తీసి చూపించడం మామూలే. ఫోటోకు "సబద్ ఫొటోజ్ని?" అని అడగండి. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు.

6. రెండో రోజు: బుడాపెస్ట్ ఎథ్నోగ్రఫీ మ్యూజియం

మెట్రో ఎం1 లైనులో హోషోక్ తెరె స్టేషన్‌లో దిగండి. 1896లో తెరిచిన ఆ చిన్న మెట్రో కూడా చూడదగ్గదే. 1872లో పుట్టిన ఈ జనజీవన వస్తువుల మ్యూజియం దశాబ్దాలపాటు పార్లమెంటు ఎదుట కొషుత్ చౌరస్తాలో ఉండేది. 2022 నుంచి సిటీ పార్కు అంచున కొత్త భవనంలో ఉంది. పాత గైడు పుస్తకం పట్టుకుని పార్లమెంటు దగ్గర వెతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మ్యాపులో కొత్త చిరునామా చూసుకోండి.

భవనంలో ఎక్కువ భాగం భూమి లోపలే ఉంది. బయట కనిపించేది రెండు వైపులా పైకి లేచిన వంపు, దాని మీద పచ్చిక తోట. ఎక్కి నడవొచ్చు. గోడల మీది లోహపు జాలీని దగ్గరికి వెళ్ళి చూడండి. లక్షల చిన్న చదరపు ముక్కలతో జానపద వస్తువుల నమూనాలు కూర్చారు.

లోపల మొదట సెరామిక్స్ వరసలకు వెళ్ళండి. టికెట్ లేకుండానే చూడగలిగేలా పెట్టిన భాగం అది, వేల కుండలుంటాయి. అన్నీ చూడొద్దు. నిన్నటి ఇంట్లో చూసిన పాత్ర లాంటిదొకటి వెతకండి. మీసాలతో మనిషి ఆకారంలో ఉండే ద్రాక్షసారాయి కూజాకు మిష్క కూజా అని పేరు. దాని పొట్ట మీద పాము, టోపీ అంచు, పేరూ ఏడాదీ గీసి ఉన్నాయేమో చూడండి. కుమ్మరి ఎవరికోసం చేశాడో తెలిసిపోతుంది.

తర్వాత బట్టలు. గొర్రెల కాపరుల స్యూర్ అనే ముతక ఉన్ని కోటు దగ్గర ఆగండి. మన గొంగడికి చేతులు కుట్టినట్టుంటుంది. కానీ ఆ చేతుల్లో చేతులు దూర్చరు, భుజాల మీద వేసుకుంటారంతే. చేతుల చివర కుట్టేసి సంచిలా వాడేవారు. పిల్లను అడగడానికి వెళ్ళిన కుర్రాడు దాన్ని ఆ ఇంట్లో "మరిచిపోయి" వచ్చేవాడు. తెల్లారేసరికి కోటు బయట వసారాలో వేలాడితే సంబంధం వద్దన్నట్టు. "అతని స్యూర్ బయట పెట్టేశారు" అంటే వెళ్ళగొట్టారని నేటికీ అక్కడ నానుడి.

వస్తువు పక్కన చీటీ చదివే పద్ధతి: మొదటి వరస వస్తువు పేరు, తర్వాత ఊరు, జిల్లా, కాలం, చివర నమోదు సంఖ్య. శతాబ్దాలను రోమన్ అంకెల్లో రాస్తారు. తేదీ రాసేటప్పుడు ఏడాది ముందు, నెల తర్వాత, రోజు ఆఖర్న.

ఊరి పేరు మ్యాపులో దొరకకపోతే కంగారు పడొద్దు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జరిగిన 1920 ట్రియానాన్ ఒప్పందంతో పాత హంగరీ రాజ్యంలో దాదాపు మూడింట రెండు వంతుల నేల పక్క దేశాలకు పోయింది. చీటీ మీద కొలొజ్‌వార్ అని ఉంటే అది ఇప్పటి రొమేనియాలోని క్లూజ్. పొజొన్య్ అంటే బ్రాటిస్లావా, కష్ష అంటే స్లొవేకియాలోని కొషిత్సె. వస్తువు సేకరించిన నాటి పేరే చీటీ మీద ఉంటుంది. "హంగరీ కుట్టు" అని మీరు ఫోటో తీసుకున్నది రొమేనియాలోని పల్లెది కావొచ్చు.

ఫోటోల్లో ఒక క్రమం పాటించండి. ముందు చీటీ, వెంటనే వస్తువు. ఈ వరస తప్పితే ఇంటికొచ్చాక 200 ఫోటోలు ఎవరివో తెలియని పిల్లల్లా మిగులుతాయి.

పక్కనే అదే పార్కులో 2022లోనే తెరిచిన హౌస్ ఆఫ్ మ్యూజిక్ ఉంది. సంగీతకారులు బార్తోక్, కొదాయ్ మైనపు గొట్టాల మీద పల్లె పాటలు ఎలా పట్టి తెచ్చారో వినాలనుకుంటే మధ్యాహ్నం దానికివ్వండి. రెండు పెద్ద మ్యూజియంలు ఒకే రోజు చూసే ఓపిక లేనివాళ్ళు వదిలేయొచ్చు.

7. మూడో రోజు: ఒక ఊరు

మెజోకొవెష్ద్‌కు బుడాపెస్ట్ కెలెతి స్టేషన్ నుంచి మిష్కోల్త్స్ వైపు వెళ్ళే రైలు, సుమారు రెండు గంటలు. ముందు మత్యో మ్యూజియం, తర్వాత హదష్ అనే పాత పేట. కిష్ జంకో లాంటి పేరు రాసి కనబడితే అది "కిష్ యాంకో బొరి", 1876 నుంచి 1954 వరకు బతికిన నమూనాల గీతగత్తె. ఆమె ఇల్లు ఇప్పుడు స్మారకం. ఇక్కడ గమనించాల్సింది: కుట్టే ఆమె వేరు, బట్ట మీద పూలు గీసే ఆమె వేరు. గీసే ఆడవాళ్ళది ఒక వృత్తి. పేదలు కూడా అప్పుచేసి పండుగ బట్టలకు తళుకులు కుట్టించుకోవడం ఎంత ముదిరిందంటే 1920ల్లో చర్చి వాళ్ళు ఆ తళుకుల్ని ఊళ్ళో మంటేసి తగలబెట్టించారు. ఆ సంగతి తెలుసుకుని బట్టలు చూస్తే మెరుపు ఉన్నదేదో, ఊడదీసిందేదో కనబడుతుంది.

హొల్లోకోకు నేరు బస్సులు చాలా తక్కువ, తరచూ సేచేన్య్‌లో మారాలి. తిరుగు బస్సు తప్పితే రాత్రి అక్కడే. ఈ ఊరి ఇళ్ళను "వందల ఏళ్ళనాటివి" అని చెప్పేవాళ్ళు తొందరపడుతున్నారు. 1909లో మంటలకు ఊరు తగలబడింది. పాత స్థలంలో, పాత తీరులోనే మళ్ళీ కట్టారు, కాకపోతే నిప్పుకు భయపడి గడ్డికప్పు బదులు పెంకు వేశారు.

కలొచాకు బుడాపెస్ట్ నుంచి బస్సు. జానపద కళల ఇంట్లో గోడలనిండా పూలు. ఊరి ఆడవాళ్ళు గీత లేకుండా నేరుగా కుంచెతో వేసినవి, ముగ్గు వేసే చేతులకు ఆ ధైర్యం అర్థమవుతుంది. ఇప్పుడు మనం కలొచా కుట్టు అంటే తలచుకునే రంగులు మాత్రం పాతవి కావు. మొదట ఆ కుట్టు తెల్లదే, రంగురంగులది 20వ శతాబ్దంలో స్థిరపడింది.

పాపాకు రైల్లో వెళ్తే సాధారణంగా ద్యోర్‌లో మారాలి. అక్కడి నీలి అద్దకం మ్యూజియం క్లుగె కుటుంబపు పాత కర్మాగారంలోనే, 1962 నుంచి ఉంది. ఈ పనిని కేక్‌ఫెష్తో అంటారు. హంగరీ, ఆస్ట్రియా, చెక్, జర్మనీ, స్లొవేకియా కలిసి 2018లో యునెస్కో జాబితాలో చేర్పించాయి. చూడాల్సిన వరస ఇది: చెక్క అచ్చుతో తెల్లబట్ట మీద రంగు కాదు, రంగు అంటనివ్వని జిగురు అద్దుతారు. బట్టను నక్షత్రం ఆకారపు ఇనుప చట్రానికి కొక్కేలతో తగిలించి, నేలలోకి దించిన నీలి తొట్టిలో ముంచుతారు. పైకి లాగినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలాక నీలం అవుతుంది. ఎన్నిసార్లు ముంచితే అంత చిక్కన. ఆఖర్న పల్చటి ఆమ్లంలో జిగురు వదిలిస్తే కింద తెల్ల పూలు బయటపడతాయి. అచ్చుల గోడ దగ్గర ఆలస్యం చేయండి. చిన్న చుక్కలన్నీ చెక్క కాదు, చెక్కలో దిగ్గొట్టిన ఇత్తడి తీగలు. 17వ శతాబ్దంలో ఓడల మీద వెళ్ళిన మన అద్దకపు బట్టలను చూసి అనుకరించబోయి యూరప్ ఈ పని నేర్చుకుంది. ఆ ఓడల్లో మచిలీపట్నం సరుకూ ఉండేది.

ఏ ఊరికీ వెళ్ళే వీలు లేకపోతే దారిలో తగిలే తాయ్‌హాజ్ చూడండి. అంటే ఆ ఊళ్ళోనే ఉంచి మ్యూజియం చేసిన ఒక్క పాత ఇల్లు. దేశమంతటా వందల సంఖ్యలో ఉన్నాయి. తలుపుకు తాళం ఉంటే వెనక్కి తిరగొద్దు, తలుపు మీద ఫోన్ నంబరు ఉంటుంది. ముందురోజే మెసేజ్ పెట్టడం మంచిది. తాళంచెవి తరచూ పక్కింట్లోనే ఉంటుంది. ఇలాంటి చోట టికెట్ కంటే కాస్త ఎక్కువ వేసి రండి.

8. కొనేముందు తిప్పి చూడండి

కుట్టుబట్ట కొంటుంటే వెనకవైపు తిప్పండి. చేతికుట్టులో వెనక ముళ్ళు, దాటు దారాలు, అక్కడక్కడ వంకర ఉంటాయి. వెనకంతా ఒకే తెల్లదారం సమానంగా పరుచుకుని ఉంటే మెషీన్ పని. మెషీన్ పని కొనొద్దని కాదు, చేతిపని ధర ఇవ్వొద్దని. నీలి బట్టకు కూడా వెనకే సాక్షి. తొట్టిలో ముంచినదైతే వెనక కూడా నీలంగా ఉండి పూల నీడ కనబడుతుంది. వెనక తెల్లగా, పాలిపోయి ఉంటే పైన అచ్చేసింది.

మిరపపొడి కొంటే ఎదెష్ అంటే కమ్మనిది, చీపోష్ అంటే కారం. చీపోష్ అని రాసినా ఆవకాయ చేతులకు అది కారం కాదు. రంగుకూ వాసనకూ కొనండి.

చూసింది నిలిచిందో లేదో ఎలా తెలుస్తుంది

మూడో రోజు రాత్రి ఫోటోలు చూడకుండా వీటికి జవాబు చెప్పుకోండి. మీరు చదివిన ఇంట్లో పొగ ఎటు పోయేది? నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవి? ముసలమ్మ ఎక్కడ పడుకునేది? ఇంట్లో చేసుకున్నవేవి, సంతలో కొన్నవేవి? ఇల్లు కట్టిన ఏడాది, చూపిస్తున్న ఏడాది ఎంత తేడా? అయిదింట్లో మూడు చెప్పగలిగితే బాగా చూసినట్టే. పొగ ప్రశ్నకే తడబడితే తలెత్తి చూడలేదని అర్థం. నగరంలో ఇంకో పూట మిగిలి ఉంటే దాన్ని ఎథ్నోగ్రఫీ మ్యూజియంకు కాకుండా సెంటెండ్రెకే ఇవ్వండి.

ఒక్క సోమవారమే ఖాళీగా ఉంటే

మ్యూజియంలు మూసి ఉంటాయి కాబట్టి ఫోవామ్ తేర్‌లోని పెద్ద మార్కెట్ హాలుకు వెళ్ళండి. 1897లో తెరిచిన భవనం, ఆదివారం సెలవు, సోమవారం తెరిచే ఉంటుంది. కింద మిరపకాయ దండలు, ఊరగాయలు. పైన కుట్టుబట్టలు, నీలి బట్టలు వరసగా వేలాడతాయి. పొద్దున్నే వెళితే రద్దీ ఉండదు. అమ్మే ఆమెకు "యో నపొత్" చెప్పి, ఒక్కొక్కటీ తిప్పి వెనకవైపు చూడండి.